రివర్స్ గేరులో సింహాచలం

ఆ ఆదివారం ఉదయం కొండలరావు వేసుకున్న పథకంలో ఎక్కడా చిన్న వంకర కూడా లేదు. తెల్లవారగానే తలంటుకుని, కొత్తగా కొన్న పికప్ బండిని సింహాచలం కొండ ఎక్కించాలి. అప్పన్న గుడి దగ్గర పూజ చేయించాలి. ఎండ ముదరకముందే కొండ దిగి, వన్ టౌన్‌లో బెల్లం వర్తకుడు శ్రీరామ్మూర్తిగారి కొట్టు ముందు ఆపి హారను కొట్టాలి. ఆయన బయటికొచ్చి బండిని చూస్తారు. నచ్చితే, అనకాపల్లి నుంచి ఆయనకు వచ్చే బెల్లం దిమ్మలన్నీ ఇకమీదట ఆ బండిలోనే తిరుగుతాయి. నచ్చకపోతే కొండలరావు ఇన్నాళ్ళూ పోర్టులో తోలినట్టే మళ్ళీ ఎవరి లారీయో తోలుకోవాలి. శ్రీరామ్మూర్తిగారు కళ్ళజోడు పైకెత్తి మరీ చెప్పారు: "చూడబ్బాయ్, ఈసురోమని ఈడ్చుకుంటూ వచ్చే బండయితే నా గుమ్మం దాకా తేకు. నా టైమూ వృథా, నీ టైమూ వృథా."

కొత్త బండంటే మరీ కొత్తదేమీ కాదు. అంతకు ముందు కొన్నేళ్ళు పెందుర్తిలో ఒకాయన దగ్గర కూరగాయలు మోసింది. కొండలరావు దానికి నీలం రంగు వేయించి, ముందు 'వస్తున్నా' అనీ, వెనక 'వెళ్ళొస్తా' అనీ పచ్చరంగులో రాయించాడు. పెందుర్తి నుంచి మల్కాపురానికి ఒక్కసారే నడిపి తెచ్చాడు. సొంత బండి స్టీరింగు పట్టుకున్న ఆనందంలో దారిలో బండి ఎలా నడిచిందో, తాను ఎలా నడిపాడో అతనికి గుర్తే లేదు.

పూజకు బండిని ముస్తాబు చేసే పని భార్య వరహాలమ్మ తీసుకుంది. బంపరుకు పసుపు రాసింది. అద్దానికి బంతిపూల దండ కట్టింది. డ్రైవరు పాదాలకు రేకు వేడి తగలకూడదని కింద కొబ్బరిపీచు పట్టా పరిచింది. అల్లుడి మీద ప్రేమలో కూతురికి తీసిపోవడం ఇష్టంలేక, అత్త సన్యాసమ్మ దానిమీద గోనెసంచి మడతలు పెట్టి వేసి, పైన ఇంకో పట్టా పరిచింది. కొండలరావు జరీపంచె కట్టుకుని, మెడ నిటారుగా పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. పంచె కుచ్చిళ్ళు నాటకాల తెరలా దిగి, కాళ్ళనూ పెడళ్ళనూ కూడా కప్పేశాయి.

బండిలో అతని పక్కన వరహాలమ్మ, ఆమె పక్కన సన్యాసమ్మ కూర్చున్నారు. వెనక బావమరిది అర్జునరావు, ఎదురింటి నీలకంఠం, ఇంకా వీధిలో తీరిక ఉన్నవాళ్ళందరూ ఎక్కారు. తీరిక లేనివాళ్ళు కూడా కొందరు ఎక్కారు. "అప్పన్నా, గోవిందా!" అని అందరూ ఒక్కసారి అరిచారు. కొండలరావు క్లచ్చి తొక్కి గేరు వేశాడు.

'కర్ర్ర్ర్' మంది బండి. ఎక్కడో ఇనుప పళ్ళు నూరుకున్నట్టయింది. గేరు ఎలాగో పడింది. యాక్సిలరేటరు తొక్కాడు. బండి ముందుకు పోవాలా వద్దా అని ఆలోచించుకుని, చివరికి వెళదామని నిశ్చయించుకున్నట్టు కదిలింది.

గాజువాక రోడ్డెక్కేసరికి వాళ్ళను ఒక సైకిలు దాటిపోయింది. తరువాత గ్యాసుబండ కట్టుకున్న ఇంకో సైకిలు దాటిపోయింది. ఉక్కు ఫ్యాక్టరీ పనులకు ఇసుక తోలే లారీలు హారన్లు మోగిస్తూ పక్కనుంచి దుమ్ము చల్లుకుంటూ పోయాయి. కొండలరావు కాలు కొద్దీ తొక్కుతున్నాడు. తొక్కినకొద్దీ పెడలు మెత్తగా, స్ప్రింగులా వెనక్కి తంతోంది. రెండో గేరు నుంచి మూడుకు మార్చబోతే కర్రుమంటోంది. మూడు నుంచి రెండుకు దింపబోతే గుర్రుమంటోంది.

"ఏటి మావా, బండి ఇలా నడుత్తంది?" అంది వరహాలమ్మ.

"మొన్న సక్కగానే వచ్చింది కదే!" అన్నాడు కొండలరావు. ఆ మాట అంటూంటే నుదుటి మీద బొట్టు చెమటకు కారి ముక్కు దాకా వచ్చింది.

"నాను అప్పుడే అనుకున్నాను. వీధిలో అందరూ కల్లల్లో పెట్టీసుకున్నారు, దిష్టి తగిలీసింది," అంది సన్యాసమ్మ. ఆ వీధిలోవాళ్ళంతా వెనకే కూర్చుని ఉన్నారన్న సంగతి ఆమె పట్టించుకోలేదు.

ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దగ్గరకొచ్చేసరికి వెనకనుంచి అర్జునరావు పక్కకు వంగి, కిటికీలోంచి తల దూర్చాడు. అతను రిఫైనరీలో పనిచేస్తాడు. ఆ పని రిఫైనరీ క్యాంటీనులోనన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

"బావ, బండాపు. ఇది పెట్రోలు రోగం," అన్నాడు.

"నీకెలా తెల్సురా?"

"నాకు తెలీదేటి? రోజూ ఆ వాసన్లోనే ఉంటాను కదా. ఎవడో కిరసనాయిలు కలిపీసాడు. నాను ఒక్కసారి సూసి సెప్పీగలను."

కొండలరావు బండి ఆపాడు. అర్జునరావు ఎక్కడినుంచో ఒక రబ్బరు గొట్టం సంపాదించి ట్యాంకులో పెట్టాడు. రెండో కొన నోట్లో పెట్టుకుని పీల్చాడు. పెట్రోలు రాలేదు. గట్టిగా పీల్చాడు. అప్పుడు వచ్చింది. చూడాల్సిన పెట్రోలు చూపుకు ఆగకుండా నేరుగా గొంతులోకి దిగిపోయింది. అర్జునరావు కళ్ళు గుండ్రంగా తిరిగాయి. గ్లకు గ్లకుమని రెండు గుటకలు పడ్డాక గొట్టం వదిలేసి, రోడ్డు పక్క రాయిమీద కూలబడ్డాడు.

"ఏటైందిరా? కిరసనాయిలేనా?" అన్నాడు కొండలరావు ఆత్రంగా.

అర్జునరావు ఒక పెద్ద త్రేన్పు తీశాడు. ఆ వాసనకు బీడీ ముట్టించుకుంటున్న ముసలాయన ఒకడు అగ్గిపుల్ల ఆర్పేసి దూరంగా జరిగాడు.

"లేదు బావ," అన్నాడు అర్జునరావు హీనస్వరంతో. "మంచి పెట్రోలే."

బండి మళ్ళీ కదిలింది. ఇప్పుడు నీలకంఠం వంతు వచ్చింది. ఆయన కోనసీమ నుంచి వచ్చి పోర్టులో క్రేను నడుపుతున్నాడు. లోకంలో ఏ వస్తువును చూసినా ముందు దాని బరువెంతో అంచనా వేస్తాడు. గోపాలపట్నం దాటేదాకా మర్యాదకు ఊరుకుని, ఆ తరువాత ఊరుకోలేకపోయాడు.

"ఏవండీ కొండలరావుగారూ, ఇంజనుదేం తప్పు లేదండి. లోడండి బాబూ, లోడు. ఎంత మందిని ఎక్కించారో చూసుకున్నారా? బరువు కొంచెం ముందుకు కూడా తూగిపోయిందండి."

"ముందు ఉన్నది మా ఆడోల్లే కదండీ."

"ఆయ్, అదేనండి నేను చెప్పేది."

కిటికీలోంచి సన్యాసమ్మ తల బయటికొచ్చింది. "అంటే నానేటి? నాను బరువనా?"

"నేను పేరు పెట్టలేదండి, అమ్మగారూ. తూకం సంగతే చెప్పానండి."

"ఓలమ్మో! ఇన్నేల్లకి ఈ మాట పడ్డాను. బండాపు అల్లుడూ! నాను దిగీసి నడుత్తాను. అప్పన్న కొండకి నాకు బండెందుకు?"

అప్పటికి అడివివరం దాటి ఘాట్ రోడ్డు మొదలైంది. వద్దన్నా వినకుండా సన్యాసమ్మ దిగిపోయింది. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నడక మొదలుపెట్టింది. ఆమె వెనకే, తమనూ బరువులో చేరుస్తారేమోనని ఇంకొందరు దిగారు. బండి తేలికపడింది. నీలకంఠం "ఇప్పుడు చూడండి" అన్నాడు. అందరూ చూశారు. బండి సన్యాసమ్మ పక్కనే, సరిగ్గా ఆమె నడుస్తున్నంత వేగంతోనే ఎక్కసాగింది.

"వరాలూ, టెంకాయలు సంచీలోనే ఉన్నాయా?" అని సన్యాసమ్మ నడుస్తూనే అడిగింది.

"ఉన్నాయమ్మా," అని వరహాలమ్మ కిటికీలోంచి చెప్పింది.

"కర్పూరం?"

అది ఉందో లేదో వరహాలమ్మ సంచీలో వెతికి చూసేలోగా సన్యాసమ్మ రెండు బారలు ముందుకు వెళ్ళిపోయింది. కొండలరావు తల బయట పెట్టి, "అత్తా, కాస్త నెమ్మదిగా నడు. బండికి అందడం లేదు," అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి అతనికి ఏడుపొచ్చినంత పనయింది. సొంత బండి! భుజాలు కాయలు కాసేదాకా ఊరివాళ్ళ లారీలు తోలి సంపాదించుకున్న బండి!

మలుపు దగ్గర ఎత్తు బాగా పెరిగింది. బండి ఒక్కసారి దగ్గి, వణికి, ఆగింది. వెనకనున్న వాళ్ళు దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టారు. కొండలరావు మొదటి గేరు వెయ్యబోయాడు. కర్ర్ర్. పడలేదు. మళ్ళీ తొక్కాడు. కర్ర్ర్ర్ర్. వెనక ఒక బస్సు వచ్చి ఆగి హారను మోగించింది. బస్సు వెనక ఇంకేదో కారు వచ్చి ఆగి, అదీ మోగించింది.

"బావ, ఇంజనాపీసి ఎయ్యి," అన్నాడు అర్జునరావు త్రేన్చుతూ.

ఇంజను ఆపాడు. గేరు రాడ్డు కదలలేదు. అర్జునరావు ఒక వైపు నుంచి చెయ్యి దూర్చి లాగాడు. నీలకంఠం రెండో వైపు నుంచి, "ఆగండాగండి, ఇది జెర్కు ఇచ్చి లాగాలండి" అంటూ లాగాడు. ఇద్దరూ చెరోవైపూ లాగేసరికి రాడ్డు మీదున్న గుండు ఊడి నీలకంఠం చేతికొచ్చింది. రాడ్డు మాత్రం టక్కుమని ఒక గాటులోకి జారిపడి, కదలకుండా బిగుసుకుపోయింది.

"పడిపోయిందండి!" అన్నాడు నీలకంఠం సంతోషంగా.

కొండలరావు రాడ్డు పడిన వైపు చూశాడు. "పడింది రివర్సండీ," అన్నాడు.

లాగారు. గుంజారు. వరహాలమ్మ పసుపు నీళ్ళు చల్లింది. రాడ్డు రాలేదు. బస్సులోంచి కండక్టరు దిగి ఊగిపోతూ వచ్చాడు. "ఏటయ్యా ఇది? పక్కకి తియ్ బండి! నా టైమైపోతంది!"

"తీద్దునే గానీ ముందుకు రాదు బాబూ. ఎనక్కే ఎలతాది."

"ఎనక నా బస్సుంది!"

ఆ గొడవలో కొండలరావు బస్సు వెనక ఆగిన కారు వైపు చూశాడు. తెల్లని కారు. దాని కిటికీలోంచి కళ్ళజోడు పైకెత్తి ఎవరో తొంగి చూస్తున్నారు. కొండలరావు గుండె జారి జరీపంచెలోకి వచ్చింది. ఆయన శ్రీరామ్మూర్తిగారు. ఆదివారం కదా, ఆయనకూ అప్పన్న గుర్తొచ్చినట్టున్నాడు.

ఇంక మిగిలింది ఒకటే దారి. లారీలు తోలిన అనుభవం అతని చెవిలో ఒక మాట చెప్పింది: రివర్సు గేరుకున్న బలం మొదటి గేరుకు కూడా ఉండదు. బండి మొహం కొండ కిందకు తిప్పగలిగితే, దాని వీపు కొండ పైకి తిరుగుతుంది. అప్పుడు వెనక్కి వెళితే పైకే వెళుతుంది.

"బండిని తిప్పీండి!" అని అరిచాడు. "గింజుకుంటన్న కొద్దీ ఇక్కడే ఉండిపోతాం. అందరూ ఓ సెయ్యెయ్యండి. తిప్పీసి, రివర్సులోనే ఎక్కించీద్దాం!"

ఆ మాట వినగానే బస్సులోంచి జనం బిలబిలమంటూ దిగిపోయారు. అంతసేపూ విసుక్కుంటున్నవాళ్ళకు ఒక్కసారిగా పండగొచ్చినట్టయింది. మలుపు కాస్త వెడల్పుగానే ఉంది. కొండలరావు స్టీరింగు పట్టుకుని న్యూట్రల్ కోసం దేవుణ్ణి ప్రార్థించాడు. దేవుడు వినకపోవడంతో వెనక చక్రాలు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. దాంతో బండి తోకను ఎత్తి జరపడం తప్పలేదు. నీలకంఠం జీవితంలో ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు. రాయి మీదికెక్కి, పోర్టులో క్రేనుకు సైగలు చేసినట్టు రెండు చేతులూ ఆడించడం మొదలుపెట్టాడు.

"ఎత్తండి! కొంచెం ఎత్తండి! స్వింగివ్వండి! ఆయ్, దింపండి! మెల్లిగా దింపండి బాబూ, గాజుసామాననుకోండి!"

"అప్పన్నా, గోవిందా!" అని జనం ఎత్తారు. దింపారు. మళ్ళీ ఎత్తారు. మొదట కసురుకున్న కండక్టరు అందరికంటే గట్టిగా గోవిందా కొట్టాడు. బండి అంగుళం అంగుళం జరిగి, చివరికి మొహం బంగాళాఖాతం వైపూ వీపు అప్పన్న వైపూ పెట్టి నిలబడింది. బస్సు పక్కనుంచి గర్వంగా దూరి పైకి వెళ్ళిపోయింది. దాని వెనకనున్న కారు మాత్రం ముందుకు పోకుండా అక్కడే ఆగి చూస్తోంది.

కొండలరావు ఇంజను స్టార్టు చేశాడు. బండి గేరులోనే ఉంది గనక ఎగిరి గంతేసింది. కాలు చివరంటా అదిమాడు. బండి మూలిగింది. మూలిగి, కదిలింది. కదిలి, ఎక్కింది!

"ఎక్కుతంది! మావా, ఎక్కుతంది!" అని వరహాలమ్మ కిటికీలోంచి సగం బయటికి వచ్చేసి చప్పట్లు కొట్టింది. వెనకనున్నవాళ్ళు ఈలలు వేశారు. నడిచి ఎక్కుతున్న భక్తులు పక్కకు తప్పుకుని నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. కొండలరావు ఒళ్ళంతా పులకరించింది. ఇన్నేళ్ళ డ్రైవింగులో ముందుకు ఎన్ని వందల ఊళ్ళు వెళ్ళినా ఎవరూ అతనికి ఈల వేయలేదు.

ఆ సంతోషంలో మొహం ముందుకు తిప్పాడు. తిప్పి, హడలిపోయాడు.

తన అద్దానికి ఎదురుగా, పట్టుమని పది అడుగుల దూరంలో, తెల్లకారు అద్దంలో శ్రీరామ్మూర్తిగారు కూర్చుని ఉన్నారు. కారు ముందుకు ఎక్కుతోంది. బండి వెనక్కి ఎక్కుతోంది. పెళ్ళిలో తెర తీసినట్టు ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా, ఒకే వేగంతో కొండెక్కుతున్నాయి. బండి నెత్తి మీదున్న 'వస్తున్నా' అన్న మాటను ఆయన పెదవులు కదిపి చదువుకోవడం కూడా కొండలరావుకు కనిపించింది. ఆ మాట ఆయన నుంచి మెల్లగా దూరంగా పోతోంది.

ఇంక తల ముందుకు తిప్పితే ఒట్టు. మెడ పట్టేసినా సరేననుకుని వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. వెనక్కి చూస్తే కనిపించేది వీధి వీధంతా నిలబడ్డ వీపులే. దారి చెప్పే పని వరహాలమ్మ తీసుకుంది. కిటికీలోంచి తల పెట్టి అరవడం మొదలుపెట్టింది.

"ఎడం! ఎడం మావా! ఎడమంటే కుడెందుకు తిప్పుతావు?"

"ఎవరెడం? నీ ఎడమా, నా ఎడమా?"

"కొండెడం!"

"కొండకెడమేటే?"

"గోడుందయ్యా! గోడున్నేపు కాకుండా తిప్పు!"

గోడకు జానెడు దూరంలో బండి వంగి, మలుపు తిరిగింది. జనం మళ్ళీ ఈల వేశారు. ఇంకో మలుపు. ఇంకో ఈల. వెనక్కి తిరిగి తిరిగి కొండలరావు మెడ కొయ్యలా బిగుసుకుపోయింది గానీ, చేతులు మాత్రం స్టీరింగు మీద వెన్నలో తిరిగినట్టు తిరుగుతున్నాయి.

రెండు మలుపుల పైన, చెట్టునీడలో ఆయాసం తీర్చుకుంటున్న సన్యాసమ్మకు తమ నీలం బండి కనిపించింది. మొహం కిందకు పెట్టి ఉంది.

"ఓరి నాయనో! తిరిగి ఎల్లిపోతన్నారేటర్రా! నన్నొదిలీసి ఎల్లిపోతన్నారు! నాను బరువనా?" అని అరుస్తూ బండి మొహం వైపు కిందకు పరుగెత్తింది. ఆమె కిందకు పరుగెత్తుతున్న కొద్దీ బండి పైకి వచ్చేసింది. ఆమెను దాటేసింది. ఆమె నిలబడి, వెళ్ళిపోతున్న బండిని చూసి, దాని మొహం చూసి, మళ్ళీ అది వెళుతున్న వైపు చూసి, చెంపలు వాయించుకుంది.

"అమ్మా, పైకే! పైకే ఎలతన్నాం! తొరగా రా!" అని వరహాలమ్మ కేక పెట్టింది.

గుడి దగ్గర వాహనపూజలు జరిగే చోట అయ్యవారు నిమ్మకాయల పళ్ళెంతో నిలబడి ఉన్నారు. బండి తోక ముందు పెట్టుకుని వచ్చి ఆయన ముందు ఆగింది. ఆయన ఎన్నో బండ్లను చూసినవారు. తొణకలేదు. ముందు వెనకవైపుకూ, తరువాత ముందువైపుకూ నడిచి చూసి, "నిమ్మకాయలు ఏ చక్రాల కింద పెట్టమంటావు నాయనా? ఇది ఎటు బయల్దేరుతుంది?" అన్నారు.

"నాలుగిటి కిందా పెట్టీండి బాబూ," అంది వరహాలమ్మ.

పూజ మొదలైంది. అయ్యవారు కర్పూరం వెలిగించి హారతి పట్టబోయారు. అందరితోపాటు అర్జునరావు భక్తిగా ముందుకు వంగి, నోరు తెరిచాడు. త్రేన్పు రాబోతోందని పసిగట్టిన నీలకంఠం అతన్ని నడుం పట్టుకుని, క్రేనుతో ఎత్తినట్టు ఎత్తి, గోడ అవతల దింపి వచ్చాడు. హారతి అతనికి దూరం నుంచే చూపించారు.

పూజయ్యాక ప్రసాదం పులిహోర తెచ్చారు. ఆయాసపడుతూ వచ్చిన సన్యాసమ్మ కూర్చోవడానికి చోటు కోసం చూసింది. నేల కాలిపోతోంది. ఆమె బండి తలుపు తీసి, లోపల పరిచిన పట్టాలు, గోనెసంచి లాగేసి, నీడలో వేసుకుని హాయిగా కూర్చుంది.

"ఇంకెలా దిగుతారండి? దిగేటప్పుడు మళ్ళీ తిప్పాలాండి?" అని నీలకంఠం ఆశగా అడిగాడు. శ్రీరామ్మూర్తిగారి కారు అల్లంత దూరంలో ఆగి ఉంది. ఆయన గుడిలోంచి వచ్చేలోగా ఎలాగైనా బయటపడాలి. కొండలరావు సీటులో కూర్చుని క్లచ్చి తొక్కాడు.

క్లచ్చి ఠపీమని రేకుకు తగిలింది. బిగుసుకుపోయిన రాడ్డు తనంతట తానే జారి మధ్యలోకి వచ్చేసింది. కొండలరావు నమ్మలేకపోయాడు. స్టార్టు చేసి, మొదటి గేరు వేశాడు. కిక్కురుమనకుండా పడింది. పొద్దుటి అలవాటు కొద్దీ యాక్సిలరేటరును చివరంటా అదిమాడు. బండి సింహంలా గర్జించి, నాలుగు నిమ్మకాయల్నీ చిదిపేసి, ముందుకు దూకింది. జనం చెల్లాచెదురయ్యారు. అయ్యవారు పళ్ళెంతో సహా గెంతారు. కొండలరావు బ్రేకు మీద నిలబడ్డాడు. గుడి మెట్ల వైపు నుంచి ప్రసాదం దొన్నెతో వస్తున్న ఒక పెద్దమనిషి పొట్టకు బెత్తెడు దూరంలో బండి ఆగింది.

దొన్నె వెనక కళ్ళజోడు ఉంది. అది శ్రీరామ్మూర్తిగారిది.

కొండలరావు కిందకు చూశాడు. పాదాల దగ్గర ఉత్త రేకు మెరుస్తోంది. తల తిప్పి చూశాడు. నీడలో సన్యాసమ్మ ఆ మందపాటి పట్టాల దొంతర మీద, సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని పులిహోర తింటోంది. అతనికి మొత్తం అర్థమైపోయింది.

"పట్టాలు!" అని కేకపెట్టాడు. "వరాలూ, పట్టాలే! పెడల్ల కింద మీరేసిన పట్టాలు! క్లచ్చీ కింద దాకా దిగలేదు, యాక్సిలరేటరూ దిగలేదు! ఇంజనుకేటీ కాలేదు, పెట్రోలుకేటీ కాలేదు!"

"ఊరుకో బావ," అన్నాడు గోడ అవతల నుంచి అర్జునరావు. "పట్టాకి బండాగిపోద్దేటి? నాను పీల్సినప్పుడు అడుగున్న మడ్డంతా వచ్చీసింది. అందుకే బాగుపడింది."

"అది కాదండి," అన్నాడు నీలకంఠం. "ఎత్తి దింపినప్పుడు లోపల ఎక్కడో సర్దుకుందండి. లోడు బ్యాలెన్సయిందండి."

"మీ మొకాలు! దిష్టి తీరిపోయింది," అంది సన్యాసమ్మ, పట్టాల మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

శ్రీరామ్మూర్తిగారు దొన్నె కారు డ్రైవరు చేతికిచ్చి, కండువాతో మొహం తుడుచుకుని, కిటికీ దగ్గరికి వచ్చారు. కొండలరావు దిగి చేతులు కట్టుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు గానీ, సన్యాసమ్మ వైపు తిప్పిన మెడ అలాగే పట్టేసి వెనక్కే ఉండిపోయింది. ఎంత ప్రయత్నించినా ముందుకు రాలేదు.

"నువ్వు మల్కాపురం కొండలరావువి కదూ?"

"అవునండి. బండి ఈసురోమని... తవరు ముందే సెప్పినారు..."

"కొండ మలుపు దగ్గర్నుంచి నిన్నే చూస్తూ వచ్చానయ్యా. అంతసేపట్లో ఒక్కసారి తప్ప నా వైపు చూడలేదు నువ్వు."

"తవర్ని సూడ్డానికి మొకం సెల్లకండి..."

ఆయన వినిపించుకోలేదు. "హారను కొట్టినా చూడలేదు. జనం ఈలలేసినా చూడలేదు. చూపు వెనకే పెట్టావు. ఇప్పుడు చూడు, దిగి నిలబడి కూడా వెనకే చూస్తున్నావు! డ్రైవరన్నవాడు అలా ఉండాలి." ఆయన బండి చుట్టూ తిరిగి, పక్కల మీద చెయ్యివేసి తడిమి చూశారు. ఎక్కడా గీత లేదు. "వన్ టౌన్‌లో నా గొడౌనుకు వెళ్ళే సందు ఉంది చూశావూ, అందులోకి వెళ్ళిన బండి తిప్పుకోడానికుండదు. మెయిన్ రోడ్డు నుంచి గొడౌను దాకా వెనక్కే రావాలి. నేను పెట్టుకున్న ప్రతివాడూ గోడలు గీకేశాడు. మొన్నటివాడు పక్కింటావిడ వంటింట్లోకి వెళ్ళి ఆగాడు. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు."

వరహాలమ్మ భర్త వీపు మీద మెల్లగా పొడిచింది.

"ముందుకు కూడా బాగానే తోలతానండి," అన్నాడు కొండలరావు చివరికి, ఎక్కడో పౌరుషం మిగిలిపోయి.

శ్రీరామ్మూర్తిగారు తన పొట్ట వైపూ, దానికి బెత్తెడు దూరంలో ఆగిన బంపరు వైపూ చూసుకున్నారు. "ఆ ముచ్చట నాకిప్పుడే చూపించావు. వద్దులే. రేపు పొద్దున్నే గొడౌనుకు వచ్చెయ్. వెనక్కే రా," అని కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ తరువాత బండి చుట్టూ జరిగిన గోల ఇంతా అంతా కాదు. వరహాలమ్మ అప్పన్నకు ఇంకో టెంకాయ కొట్టింది. నీలకంఠం ఊడిన గేరు గుండును తిరిగి రాడ్డుకు బిగించాడు. మెడ ముందుకు తిరగడానికి సన్యాసమ్మ అల్లుడికి కొబ్బరినూనె రాసి, రెండు చేతులతో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. అది కూడా గేరులాగే టక్కుమని పడింది. అందరూ ఎక్కారు. బరువు మాట ఎవరూ ఎత్తలేదు. సన్యాసమ్మ పట్టాలు చంకలో పెట్టుకుని మహారాణిలా ముందు సీట్లో కూర్చుంది. కొండలరావు ఇంజను స్టార్టు చేశాడు.

కొండ దిగేటప్పుడు బండి చక్కగా, మెత్తగా, మొహం ముందు పెట్టుకునే దిగింది గానీ, చూడ్డానికి దారిలో ఒక్కరూ ఆగలేదు.